గ్రామక్షయ కథనములు – ఆలంబన విచారము

‘పల్లె నశించుచున్నది’ అను వాక్యము గడచిన అరువది, డెబ్బది యేండ్ల తెలుగు సాహిత్యమున తఱుచు వినబడు వాక్యములలో నొకటి. నవలాకారుడు, గేయకర్త, విమర్శకుడు, పరిశోధక విద్యార్థి అందఱును దీనిని వాడుచున్నారు. వాడుక యెంత విరివియైనదో అర్థ మంత సందిగ్ధమైనది. నశించినది దొర గడీయా? కుమ్మరి ఆవమా? చెఱువు క్రింది మాగాణియా? జీతగాని బంధనమా? ఇవి యన్నియు నొకప్పుడు పల్లెలోనివే. ఇవి యన్నియు ఇంచుమించుగ నొక్క అర్ధశతాబ్దిలో శిథిలమైనవే. కాని యన్నిటికిని ఒక్క కన్నీరు చెల్లదు. ఈ భేదమును గుర్తింపని రచన యెంత కరుణార్ద్రమైనను అసంపూర్ణ మగుననియు, గుర్తించిన రచనలు మనకు లేకపోలేదనియు చూపుట ఈ వ్యాసమునకు ఉద్దేశ్యము.

భరతుడు కరుణరసమునకు శోకము స్థాయిభావమని చెప్పి, ఇష్టజన వియోగము, విభవనాశము, వధ, బంధము మొదలగువానిని దానికి విభావములుగ పరిగణించెను. గ్రామక్షయ మను వస్తువు వీనిలో విభవనాశమున చేరును. విభవ మనగానే అది యెవరి విభవ మను ప్రశ్న పుట్టక మానదు. శోకమున కాలంబనము నిర్దిష్టముగ నుండవలెను. ‘పల్లె’ యను సమష్టి నామము వ్యక్తివలె ఏడువజాలదు, ఆకలిగొనజాలదు. ఊరంతటిని ఒక్క ప్రాణిగ భావించి దానికై శోకించుట కవికి సులువైన పని, పాఠకునికి హాయియైన పని. ఆ ఊరిలో ఒకని సంపద మఱొకని వెట్టిపై నిలిచియుండినయెడల ఆ శోకము రసాభాసమునకు దారితీయును. అలంకారశాస్త్రమున అనౌచిత్యమే రసాభాసమునకు మూలమని చెప్పుట మన మెఱిగినదే. గ్రామక్షయ రచనల విషయమున ఈ అనౌచిత్యము ఆలంబనమును నిర్ణయింపకపోవుటనుండి పుట్టుచున్నది.

ఈ విచారమునకు నేను నల్లగొండ జిల్లాలోని పెద్దవూర ప్రాంతమును ఎదుట నుంచుకొనుచున్నాను. కారణము స్పష్టము. కృష్ణానదిపై నందికొండయొద్ద ఆనకట్ట కట్టవచ్చునని ఖోస్లా సంఘము 1952లో సూచించెను. 1955 డిసెంబరు 10న జవాహర్లాల్ నెహ్రూ శంకుస్థాపన చేసిరి. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీరు వదలిరి. ఆ నాగార్జునసాగరమునకు అతి సమీపముననున్న సీమ యిది. ఇచట ఒక తరమువారు చూచిన మార్పు మఱొకచోట మూడు తరములకు వచ్చియుండును. కాలువకు దిగువనున్న నేల వరిమాగాణి యైనది. కాలువకు ఎగువనున్న మెట్ట, జలాశయము కనుచూపుమేరలో నున్నను, వానకును బోరుబావికిని మొగము చాచియే యుండినది. ఒక్క ప్రాంతముననే ఒకనికి అభ్యుదయమును, మఱొకనికి క్షయమును సమకాలమున సంభవించినవి. ఇట్టిచోట ‘పల్లె’ యను ఏకవచనము నిలువదు.

ఆలంబన నిర్ణయమునకు ఉపకరించు ఒక ఉదాహరణమును సాహిత్యమున ప్రవేశించుటకు ముందు పరిశీలింతము. మోటబావి గ్రామజీవన వర్ణనలలో దాదాపు అనివార్యమైన అలంకారము. తెల్లవారుజామున మోట తోలువాని పాట, గిరక చప్పుడు, కాలువలో పాఱు నీరు వర్ణింపని పల్లెకథ అరుదు. మోట యొక యంత్రము మాత్రమే కాదు, అదియొక సంబంధముల ముడి. గిరకను వడ్రంగి చేయవలెను. ఇనుపసామానును కమ్మరి సరిచేయవలెను. నీటిని కాలువలోనికి వదలు తోలుతొండమును మాదిగ కుట్టవలెను. మోకు పేనువా డుండవలెను. ఎద్దులజతను దిగుడుదారిన ముందునకును వెనుకకును నడపుటకు జీతగా డుండవలెను. వీరికి కళ్లమున గింజల మేర ముట్టెడిది. విద్యుత్తు మోటారు వచ్చిన పిదప ఈ ముడి యంతయు విడిపోయినది. వడ్రంగికి, కమ్మరికి, తొండము కుట్టువానికి ఏటేట రావలసిన గింజలు తగ్గినవి. ఇది నిశ్చయముగ విభవనాశమే. కాని తొండము కుట్టువాడు చచ్చిన పశువును మోసికొనిపోవలసినవాడును, పిలిచినప్పుడెల్ల వెట్టికి పోవలసినవాడును అయియుండెను. మోట పోవుటతో అతని గాదె కొంత తఱిగినది. అతని మెడపైనున్న కాడియు కొంత సడలినది. ఈ రెండును సత్యములు. మొదటి దానిని మాత్రమే చెప్పు రచన మోటబావిని చిత్రపటముగ మార్చును. రెండవ దానిని మాత్రమే చెప్పు రచన ఆకలిని మఱచును. రెంటిని ఒక్కచోట పట్టి చూపగల రచనయే గ్రామక్షయమును నిజముగ చూచినది.

ఈ గీటురాతిపై కొన్ని ప్రసిద్ధ రచనలను చూడవచ్చును. తెలంగాణమున పాతపల్లెను నవలలో మొదట గట్టిగ నిలిపినవారిలో వట్టికోట ఆళ్వారుస్వామి ప్రముఖుడు. దేశోద్ధారక గ్రంథమాలను స్థాపించి పుస్తకమును ఊరూర తిప్పిన ఈ రచయిత ‘ప్రజల మనిషి’ 1955లో, అనగా సాగరమునకు శంకుస్థాపన జరిగిన సంవత్సరముననే, వెలువడినది. అందలి దిమ్మెగూడెమున దొర రామభూపాలరావు మాటయే శాసనము. కంఠీరవము ఆ శాసనమునకు ఎదురు నిలుచును. ఈ నవలలో పాతపల్లెకై శోకము లేదు. ఉండుటకు వీలును లేదు. రచయిత దృష్టిలో ఆ పల్లె నశింపవలసినదే. ఆళ్వారుస్వామి ఊరిని గడీ, గుడి, వాడలుగ విడదీసి చూపి, ఒకే సంఘటన ఒక్కొక్క చోట ఒక్కొక్క అర్థమును ధరించుటను గ్రహింపజేసెను. గ్రామము ఏకవ్యక్తి కాదను స్పృహ తెలంగాణ నవలకు అతడిచ్చిన మొదటి సంపద.

దాశరథి రంగాచార్య ‘చిల్లర దేవుళ్లు’ 1969లో, కాలువలకు నీరు వదలిన రెండేండ్లకు, వెలువడినది. కథాకాలము మాత్రము నిజాము పాలనలోనిది. సారంగపాణి యను సంగీతజ్ఞుడు బయటినుండి వచ్చి దేశముఖు గడీలో ఆశ్రయము పొందును. అతని కంటితో మనము గడీని, ఆడబాపల దుస్థితిని, వెట్టిని చూతుము. పరాయివాని దృష్టియగుటచే ఊరివారికి అలవాటైపోయిన దౌష్ట్యము పాఠకునికి మరల నూతనముగ కనబడును. ఇది యీ శిల్పమునందలి లాభము. నష్టము కూడ లేకపోలేదు. సంగీతజ్ఞుడు చేనికంటె గడీలో ఎక్కువ కాలము గడపును. కావున దొరతనపు వికృతి స్పష్టమగునంతగ ఆ దొరతనమును మోయు దైనందిన సేద్యపుపని స్పష్టము కాదు. వెట్టి యనునది అవమానముగ కనబడినంత బలముగ శ్రమగ కనబడదు. ఈ మాటను దోషారోపణగ గాక, దృష్టికోణము విధించు పరిమితిగ గ్రహింప ప్రార్థన.

ఈ రెండు నవలలను పాతపల్లెపై అభియోగపత్రము లనవచ్చును. 1949లో జాగీర్ల రద్దు, 1950లో హైదరాబాదు కౌలుదారీ చట్టము, 1946 మొదలు 1951 వరకు నడచిన సాయుధపోరాటము గడిచిన తరువాత వెనుదిరిగి చూచిన రచనలివి. వీనిని చదివినవాడు ‘పాతకాలపు పల్లె యెంత చల్లనిది’ అని యెట్లనగలడు? అయినను అనుచునే యున్నాము. ఒక పరిశోధనలో వెట్టిని గూర్చి ఒక అధ్యాయమును, ‘సమష్టి గ్రామజీవన సౌందర్యము’ను గూర్చి మఱొక అధ్యాయమును ప్రక్కప్రక్కన చేర్చి, వాని పరస్పర సంబంధమును విచారింపక విడుచుట మన శాఖలలో అపరిచితము కాదు.

కృష్ణకు ఆవలిగట్టున, గుంటూరు సీమ ఇతివృత్తముగ, 1970వ దశాబ్దారంభమున వెలువడిన వాసిరెడ్డి సీతాదేవి ‘మట్టిమనిషి’ ఇచట తులనకు అర్హము. వలసకూలీగ వచ్చిన వీరయ్య వంశమున అతని కుమారుడు సాంబయ్య చెమటతో భూమిని కూడబెట్టును. మనుమడు వెంకటపతి, అతని భార్య వరూధిని పట్టణపు మోజున దానిని కోల్పోవుదురు. ఆ తరువాతి తరమువాడైన రవి తాతవద్దకు, మట్టివద్దకు మరలివచ్చును. ఇందలి శోకమునకు ఆలంబనము నిర్దిష్టము. సాంబయ్యకు భూమి యనగా సొంత శ్రమ గడ్డకట్టిన రూపము. అతడు పోగొట్టుకొన్నది ‘పల్లె’ కాదు; తన చేతులు చేసిన పని. అందుచే నవల శక్తిమంతమైనది. అయినను ఒక ప్రశ్న మిగులును. సాంబయ్య పొలమున పనిచేసిన కూలీలకు ఈ భూమి చేతులు మాఱుట యేమి చేసినది? వీరయ్య నడచివచ్చిన దారిన తరువాతి కూలీ యేల నడువలేకపోయెను? ఈ ప్రశ్నకు కథ యంచులలో మాత్రమే తావు దొరకినది.

ఆ ప్రశ్నను అంతకు అర్ధశతాబ్దికి పూర్వమే ఉన్నవ లక్ష్మీనారాయణ పంతులు ‘మాలపల్లి’ (1922) నడుమ నిలిపియుండెను. రామదాసు కుటుంబము, చౌదరయ్య యింట పాలేరుగ నున్న సంగదాసు, అతడు ఆ యజమాని చేతనే హతుడగుట ఆ నవలకు వెన్నెముక. పాలేరు మృతి యొక కుటుంబపు దుఃఖముగ మాత్రమే నిలువక, ఊరి సంబంధముల స్వరూపమునే బయటపెట్టును. భూస్వామి కుమారుడైన రామానాయుడు సంగదాసునకు మిత్రుడు. అనగా ఊరిలోని ఆప్యాయతను గూడ ఉన్నవ దాచలేదు. ఆప్యాయతయు హింసయు ఒక్క యింటి గుమ్మమున నుండగలవని చూపుటయే ఆ నవల ఘనత. గ్రామక్షయ రచనకు కావలసిన ద్విముఖ దృష్టికి మన భాషలో మార్గదర్శి ‘మాలపల్లి’ యని నా అభిప్రాయము.

తిరిగి నల్లగొండకు వత్తము. ఈ జిల్లాకు చెందిన సుద్దాల హనుమంతు పోరాటకాలమున కట్టిన పసులకాపరి బాలుని పాట తరువాత ‘మా భూమి’ చలనచిత్రము ద్వారమున లోకమంతటికి తెలిసినది. అందు ఆలంబనము ఒక్క పిల్లవాడు. ఆటలాడవలసిన ఈడున పసులవెంట నడచువాడు. పచ్చికబయలు, మంద, కఱ్ఱ ఇవన్నియు మఱొక కవి చేతిలో పల్లె సౌందర్యమునకు ఉద్దీపన విభావములై యుండెడివి. హనుమంతు చేతిలో అవి బాలుని పనిముట్లు. వస్తువు మాఱలేదు, దానిని చూచు దృష్టి మాఱినది. ‘పల్లె సౌందర్య’మను మాట వాడు ప్రతి పరిశోధకుడును ఈ పాటను ఒకమాఱు ఎదుట నుంచుకొనుట మేలు.

నల్లగొండ రచయిత వేముల ఎల్లయ్య ‘కక్క’ (2000) ఈ దృష్టిని నవల యంతటికిని విస్తరింపజేసినది. జీతగాని బ్రదుకును మాదిగవాడ పలుకుబడిలో చెప్పిన ఈ నవలలో సంభాషణమే గాక కథనమును ఆ పలుకులోనే నడచును. తొలి పఠనమున ఈ భాష కఠినముగ తోచుట సహజము. కాఠిన్యము కొంత మన అలవాటులో నున్నది. తరగతిలో ఒకప్పుడు మోటను గూర్చి చెప్పుచు ‘తొండము’ అన్నప్పుడు విద్యార్థులకు ఏనుగు తప్ప వేఱొకటి స్ఫురింపలేదు. వారి తప్పు కాదు. వస్తువు పోయినపుడు మాట అనాథ యగును. భద్రిరాజు కృష్ణమూర్తి గారి ‘మాండలిక వృత్తి పదకోశము’ మొదటి సంపుటము, వ్యవసాయ పదములకై, 1962లో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమి ప్రకటించినది. అది లేనిచో ఈ మాటలలో అనేకము మనకు దక్కియుండెడివి కావు. కాని కోశము పదమును, అర్థమును, ప్రాంతమును చెప్పును. ఆ పదమును ఎవడు ఎవనికి ఏ గొంతుతో పలికెనో చెప్పదు. ఆజ్ఞగ పలికెనా, వేడుకగ పలికెనా, తిట్టుగ పలికెనా యను సంగతి నవల మాత్రమే చెప్పగలదు. ‘కక్క’ వంటి రచనకు మాండలిక మొక అలంకారము కాదు; పనియు, పని చేయించు అధికారమును కలిసి యుండు స్థానము.

ఈ సందర్భమున గోరటి వెంకన్న పల్లెపాటను విడుచుట సాధ్యము కాదు. 2002లో ‘కుబుసము’ చలనచిత్రమున వినబడిన ఆ పాట గ్రామక్షయ భావమును ప్రతి ఇంటికిని చేర్చినది. దాని బలము ఒక్కొక్క వృత్తిని వేఱువేఱుగ పిలుచుటలో నున్నది. సమష్టి నామముతో తృప్తి పడక, కులవృత్తుల పనిచోటులను ఒకటొకటిగ చూపి, అచట పని ఆగిపోవుటను వినిపించును. కావున ఆలంబనము గాలిలో లేదు. అయితే పాటలో కారణము కంటికి కానరానిదిగ చెప్పబడినది. వెలుపలి విపణిశక్తిని స్ఫురింపజేయుటకు ఆ అదృశ్యత చక్కగ ఉపకరించినది. ఊరిలోపలి కారణములు, అనగా వృత్తికి తగిన ప్రతిఫలము లేమి, వృత్తితో ముడివడిన కులావమానము, పిల్లలు ఆ వృత్తిని తామే కాదనుట మాత్రము ఆ చీకటిలో మఱుగుపడినవి. కుమ్మరి కుమారుడు సారెను విడుచుట అన్నివేళల ఓటమి కాదు. ఒక్కొక్కప్పుడు అదియొక నిర్ణయము. గేయమునకు ఈ సూక్ష్మత అవసరమా యని అడుగవచ్చును. గేయమునకు కాకున్నను, ఆ గేయమును ప్రమాణముగ గ్రహించు విమర్శకు అవసరమే.

ఇచట ఒక ఆక్షేపమును ఎదుర్కొనవలెను. ‘సాహిత్యము సంఘశాస్త్రము కాదు, శోకము లెక్కలు చూచుకొని పుట్టదు, పాత ఇల్లు కూలినప్పుడు ఆ యింట బాధలు పడినవాడును కంట తడిపెట్టును గదా’ యని యందురు. ఇది విలువైన ఆక్షేపము. బాధపడినవాడు కంట తడిపెట్టుట సత్యము. అందు పరస్పర విరుద్ధములైన రెండు భావములు కలిసియున్నవి గనుకనే ఆ కన్నీరు సాహిత్యమునకు యోగ్యము. నేను కోరునది ఆ రెంటిలో నొకదానిని తుడిచివేయరాదని మాత్రమే. పెత్తనము పోయినవాని కన్నీరును, కూలి పోయినవాని కన్నీరును ఒకే కన్నీరుగ చూపు రచన రెండవవానికి రెండవమాఱు అన్యాయము చేయును.

వర్తమాన స్థితి ఈ విచారమును మఱింత అత్యవసర మొనర్చుచున్నది. నల్లగొండ మెట్టలో బత్తాయితోటలకై, పత్తికై బోరుబావులు త్రవ్వి, అప్పులపాలైన రైతుల కథ యిప్పటి గ్రామక్షయము. జనసంఖ్యకు మించిన బోరుబావులు గల ఊరుగ ముషంపల్లి పత్రికల కెక్కినది. ఇందు గడీ లేదు, దొర లేడు. ఎండిన బోరును మఱింత లోతునకు దింపుమని చెప్పువాడు పొరుగువాడే. అప్పిచ్చువాడు విత్తనము, ఎరువు అమ్ము దుకాణదారుడే. పూర్వపు నవల శత్రువును గడీలో చూపగలిగినది. నేటి నవల అతనిని ఎచట చూపవలెను? చిత్తూరు మెట్టసీమనుండి కేశవరెడ్డి ‘మూగవాని పిల్లనగ్రోవి’లో భూమి కోల్పోయిన బక్కిరెడ్డిని సృష్టించి ఒక మార్గము చూపెను. సాగరము ప్రక్కనుండియు దాహము తీఱని మెట్టకు అంతటి విస్తృత కథనము రావలసియున్నది. అది వచ్చినపుడు ఎద్దుల మెడగంటలను మాత్రమే వినిపించి మిన్నకుండరాదు.

నాగార్జునకొండ లోయ మునుగుటకు ముందు పురాతత్త్వజ్ఞులు 1954 నుండి 1960 వరకు త్రవ్వకములు జరిపి, కట్టడములను కొండపైకిని, అనుపు గట్టునకును తరలించిరి. నల్లగొండ వైపున ఏలేశ్వరమునను త్రవ్వకములు జరిగినవి. రాతిని కదల్చుటకు సాధన మున్నది. వరుససంఖ్య వ్రాసి, విప్పి, మరల కూర్పవచ్చును. లోయలో సేద్యము చేసినవాని పలుకును అట్లు విప్పి కూర్చుటకు సాహిత్యము తప్ప సాధనము లేదు. బిరుదురాజు రామరాజు గారి ‘తెలుగు జానపద గేయ సాహిత్యము’ ఆ పలుకును విశ్వవిద్యాలయమున పరిశోధనవస్తువుగ నిలిపి ఆరు దశాబ్దములు దాటినది. ఆ బాటన నడచు పరిశోధకులకు నా మనవి యొక్కటే. ‘గ్రామీణ జీవన చిత్రణము’ అను శీర్షిక క్రింద పండుగలు, వేడుకలు, సామెతలు వరుసగ పేర్చుటకు ముందు, ఆ రచనలో పని చేయుచున్న దెవరు, ఆ పని ఫలము ఎవరి గాదె చేరుచున్నది, పని పోయినపుడు కోల్పోయిన దెవరు, విడుదల పొందిన దెవరు అను నాలుగు ప్రశ్నలను వేసికొనవలెను. సమాధానము లభింపనిచోట రచన మౌనమును గూడ గుర్తింపవలెను. అట్లు చేసినపుడు గ్రామక్షయమును గూర్చిన మన శోకము తగ్గదు, తగినవారికి చెందును.